అమ్మ మల్లెచెట్టు

నందికొట్కూరులో మా ఇంటి వెనక గుండుమల్లె చెట్టు అమ్మ పెట్టింది. చలి పోతూనే నీళ్లు ఆపేది, కొమ్మలు కత్తిరించి ఉన్న ఆకంతా దూసేసేది. "చచ్చిపోతుందేమోమ్మా" అంటే, "ఎండబెడితేనే నాయనా అది పూసేది" అనేది.

అమ్మ పోయి మూడేండ్లు. ఈసారి ఆకు నేనే దూసినాను. చైత్రానికంతా కణుపు కణుపుకూ చిగురు, చిగురు కొనకు మూడేసి మొగ్గలు. సాయంత్రం గట్టిగా ముడుచుకొని ఉన్న మొగ్గ, దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటుంది. అమ్మ కాలి బొటనవేలికి దారం తగిలించుకొని, రెండు మొగ్గలటు, రెండిటు పెట్టి ముడేసేది. నా ముడి నిలవడం లేదు. అయినా కడుతున్నాను.

నిన్న సంగమేశ్వరం పోయొచ్చినాను. అక్కడి గుడి శ్రీశైలం జలాశయంలో మునిగి ఉంటుంది. నీళ్లు బాగా దిగితేనే ఆ గుడి బయటపడేది. నెలల తరబడి నీళ్లలో ఉండే ఆ లింగం వేపమానుదంటారు. తిరిగొచ్చే దారిలో వేపచెట్లు విరగబూసినాయి. చేదు పూవుకు ఎంత తీపి వాసన! ఒక చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

ఇంటికొచ్చి, రెండు మూరల దండ అమ్మ ఫొటోకు వేసినాను.