పంపకముందు ఒక ప్రశ్న

ప్రియ చదువరీ, ఫోనులో వచ్చిన వైద్యపు వార్తను వెంటనే పదిమందికి ఏల పంపుచున్నావు? అబద్ధము చాటవలెనని కాదు, వారు బ్రదుకవలెనని. ప్రేమయే తొందరపడుచున్నది.

2021 మే నెలను జ్ఞాపకము చేసికొనుము. కరోనా రెండవ విడత వచ్చెను. ఆసుపత్రులలో పడకలు చాలలేదు, ప్రాణవాయువు చాలలేదు. అట్టి భయములో నెల్లూరు జిల్లా కృష్ణపట్నపు మందును గూర్చిన వీడియోలు వాట్సాప్‌లో ఇంటింటికి చేరెను. వేలాదిమంది అచ్చట గుమికూడిరి. రోగము వ్యాపించుటకు ఆ గుంపే చాలును. మే 31న ప్రభుత్వము కడుపులోనికి పుచ్చుకొను మందులు కొన్నింటికి సెలవిచ్చెను గాని, కంటి చుక్కలకు ఇయ్యలేదు.

జనులు ఏల నమ్మిరి? కరోనా సోకినవారిలో అధికులు ప్రత్యేకమైన మందు లేకయే కోలుకొందురు. కోలుకొన్నవాడు "ఈ మందే నన్ను బ్రదికించెను" అని సాక్ష్యమిచ్చును. చనిపోయినవాడు వీడియోలో మాటలాడడు. మనము ఒక పక్షపు సాక్ష్యమే విని తీర్పు తీర్చుచున్నాము.

కావున మా సంఘస్థులకు నేను చెప్పు మాట ఇదే: పంపినవాడు మంచివాడా అని కాదు, ఈ సంగతి అతనికెట్లు తెలిసెనని అడుగుము. ఆరోగ్య కేంద్రపు నర్సమ్మను, డాక్టరుగారిని అడుగుము. తెలియనియెడల దానిని నీ చేతిలోనే ఆపుము. నీ తల్లి కంటిలో వేయుటకు జంకు చుక్కను పొరుగువాని తల్లికి పంపకుము.