తినని పెట్ట



ములకలపల్లిలో మా పెరట్లో గంప క్రింద ఒక పెట్ట పొదుగుతోంది. గుడ్లు పదకొండు. నేటికి పద్నాలుగు రోజులు. ముక్కుకు అందేటంత దగ్గర నూకలూ నీళ్లూ పెట్టాను. అయినా రోజుకొక్కమారు లేచి, నాలుగు గింజలు ఏరుకొని, మరల గుడ్లమీదికే చేరుతుంది. నిన్న చేతుల్లోకి తీసుకొని చూస్తే ఎంతో తేలికైపోయింది.

తెలుగు పండితుణ్ణి గనుక ఇటువంటి పెట్టను మాతృత్యాగానికి దృష్టాంతంగా ఎన్నో యేళ్లు తరగతిలో చెప్పాను. ఆకలిని జయించిన తల్లి అన్నాను. అది పొరపాటని ఈ మధ్యనే తెలిసింది. ఇంటికోళ్లకు మూలమైన ఎర్ర అడవికోళ్లపై జరిగిన ఒక పరిశోధన 1980లో వెలువడింది. పొదిగే పెట్టలకు కొన్నాళ్లు మేత ఆపి, మళ్లీ పెట్టారు. అవి ఆబగా తిన్నాయి; కానీ మునుపటి బరువు వచ్చేదాకా కాదు. పొదుగులో ఆనాటికి ఉండవలసిన తక్కువ బరువు రాగానే తగ్గించేశాయి. అంటే పెట్ట ఆకలిని ఓర్చుకోవడం లేదు. దాని శరీరమే తన తూకాన్ని కొన్నాళ్లపాటు తగ్గించి పెట్టుకున్నది.

ఆ తూకం పట్టే చోటు మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మన దేశీయుడైన బాలకృష్ణ ఆనంద్, బ్రోబెక్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, ఎలుకల మెదడులో ఆ ప్రాంతపు రెండు ప్రక్కలను దెబ్బతీసి చూశారు. ఎదుట ఆహారమున్నా అవి ముట్టలేదు. కొవ్వు నిలువల సంగతి మెదడుకు విన్నవించే లెప్టిన్ 1994లోను, ఖాళీ కడుపు కబురు మోసే గ్రెలిన్ 1999లోను బయటపడ్డాయి. జబ్బు చేసినపుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్ల వంటి పదార్థాలు కూడా మెదడుకు చేరి ఆకలిని అణచివేస్తాయి.

ఈ చివరి మాట చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

కొన్నేళ్ల క్రితం మా ఇంటావిడ జబ్బుపడి చివరి రెండు నెలలు అన్నం ముట్టలేదు. జావ గిన్నె పట్టుకొని ప్రక్కన కూర్చునేవాణ్ణి. "రెండు చెంచాలు మింగలేవా? ఏమిటీ మొండితనం?" అని ఒకనాడు గట్టిగా కసిరాను. ఆవిడ నా ముఖం చూసి, బలవంతాన మింగి, వెంటనే కక్కుకుంది. పిదప మెల్లగా అన్నది: "మొండితనం కాదండీ. ఆకలెలా ఉంటుందో మరచిపోయాను."

దానిని నేను అలంకారంగా విన్నాను. ఉన్నదున్నట్టు చెప్పింది.

మా వైపు గొడ్డు నెమరు వేయకపోతే జ్వరమేమోనని చెవి పట్టి చూస్తారు. మొండిదని ఎవరూ తిట్టరు. పశువుకు చూపే ఆ పాటి వివేకం నాకు ఆవిడ దగ్గర లేకపోయింది. తినని రోగిని అలాగే వదిలేయమని నా భావం కాదు. వైద్యునికి చెప్పవలసిందే, కొంచెం కొంచెం అందిస్తూ ఉండవలసిందే. కసరడమొక్కటే అక్కరలేనిది.

పెట్టకు ఇంకా వారం ఉంది. ఈ ఉదయం నూకల చిప్పను మరికొంచెం దగ్గరగా జరిపి, నీళ్లు మార్చి, గంప మూసి వచ్చాను.