మడత కూలి

కామాఠీపురాకు ఆ పేరు మన కామాఠీల వల్లనే వచ్చిందని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. రాళ్ళు మోసి బొంబాయి కట్టినవారి మనుమలు కొందరు మిల్లులకు పోయారు, కొందరు ప్రెస్సులకు పోయారు. మా నాయన ప్రెస్సుకు పోయాడు.

ఆయన కంపోజిటరు. కేసు ముందు నిలుచుండి, చూడకుండానే అక్షరం తీసి స్టిక్కులో పేర్చేవాడు. తిరగబడి ఉన్న సీసపు అక్షరాలను గడగడ చదివేవాడు. లగ్నపత్రికలో ఒక్క ఒత్తు జారితే పెండ్లికొడుకు పేరే మారిపోతుంది గదా! అందుచేత అందరూ ఆయనను పనిమంతుడనేవారు.

అచ్చయిన పుస్తకాల ఫారాలు సాయంత్రం మా చాల్ గదికి వచ్చేవి. అమ్మ వాటిని వెదురు బద్దతో మడిచి, వరుస పెట్టి, సూదితో కుట్టేది. ఒక్క పేజీ వెనుకముందు కాలేదు. ఆమెకు జీతం లేదు. వెయ్యికి ఇంత అని కూలి. ఆమెను పనిమంతురాలని ఎవరూ అనలేదు. మేమూ అనలేదు.

ఆడవారికి అక్షరాలు కూర్చడం రాదా? లండనులో 1860లోనే ఎమిలీ ఫెయిత్‌ఫుల్ అనే ఆమె విక్టోరియా ప్రెస్సు పెట్టి స్త్రీలకు కంపోజింగు నేర్పించింది. తమ జీతాలు పడిపోతాయని అక్కడి మగ కంపోజిటర్లు ఎదిరించారు. మనదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు స్త్రీలు ఫ్యాక్టరీలో పని చేయరాదన్నది. కంపోజింగూ, బైండింగూ ఆ చట్టం క్రిందివే. దినపత్రికల కూర్పు సాగేది రాత్రిళ్ళే. ఇంట్లో అర్ధరాత్రి దాకా కుట్టే అమ్మకు మాత్రం ఏ చట్టమూ అడ్డు రాలేదు.

1990 దశకంలో ప్రెస్సుకు కంప్యూటరు వచ్చింది. సీసం తూకానికి పోయింది. నాయన ఇంటికి వచ్చాడు. కీబోర్డు ముందు మా చెల్లెలు కూర్చున్నది. అదే తెలుగు, అవే ఒత్తులు. యజమాని మాత్రం "టైపు కొట్టడమే గదా!" అని నాయన జీతంలో సగం ఇచ్చాడు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. కాని పని పేరే మార్చివేస్తే దేనితో సమానమని అడగడం?

నాయన కొన్నాళ్ళు చెల్లెలితో మాట్లాడలేదు. ఒక రాత్రి ఆమె తెచ్చిన ప్రూఫు తీసుకుని రెండు తప్పులు చూపించాడు. అప్పటినుంచి రోజూ చూసేవాడు.

అమ్మ మడత ఆపకుండానే, "మీ నాయన పనికి గూడ ఇప్పుడు నా కూలే కట్టిండ్రు బిడ్డా!" అన్నది.

నాయన చాలాసేపు పలుకలేదు. తరువాత ఆమె ప్రక్కన కూర్చుని తానూ ఒక కట్ట అందుకున్నాడు. మూడో కాగితానికే మడత వంకరపోయింది.

"ఇది గూడ పనితనమే," అన్నాడు మెల్లగా.

ఆ మాట కోసం అమ్మ ముప్పై ఏళ్ళు కుట్టింది.