సంతలో కొన్న పాట

మా అమ్మాయి తొలిపురుడు మా ఇంట్లో జరగలేదు. ఈ మాట రాయడానికి నాకిప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది. అల్లుడికి బ్యూనస్ ఎయిర్స్‌లో ఉద్యోగం. ఏడో నెలలో పిల్లని తీసుకువద్దామనుకుంటూండగా ఇక్కడ మావారికి గుండె ఆపరేషన్ అయింది. నేను మంచం దగ్గరనుంచి కదలడానికి లేదు. అంత దూరం విమానంలో వెళ్లవద్దని అక్కడి డాక్టరమ్మ అన్నదిట. "ఫరవాలేదమ్మా, ఇక్కడ అందరూ ఉన్నారు" అంది పిల్ల. ఆ అందరూ ఎవరో నాకేం తెలుసు!

ఆ రోజుల్లోనే ఎవరో స్నేహితులు వస్తూంటే ఒక పాత రికార్డు పంపింది. సాన్ తెల్మో అనే పేటలో ఆదివారం పాత సామానుల సంత జరుగుతుంది, అక్కడ కొన్నదట. మా మామగారినాటి రికార్డు ప్లేయరు, ఘంటసాల పుణ్యమా అని, ఇంకా పనిచేస్తోంది. అట్టమీద పేరు "మీసా క్రియోయా".

"మీసాల గొడవేమిటే?" అన్నారు మావారు, పడుకునే.

మీసా అంటే చర్చిలో చేసే పూజ, క్రియోయా అంటే దేశవాళీ. మనకి మంత్రాలు సంస్కృతంలో ఉన్నట్టు వాళ్లకి పూజంతా లాటిన్‌లోనే ఉండేది. ఎవరి భాషలో వాళ్లు చేసుకోవచ్చునని 1963లో రోములో జరిగిన మహాసభ ఒప్పుకుంది. మరుసటి ఏడే అర్జెంటీనాలో ఆరియెల్ రమీరెస్ అనే ఆయన ఆ ప్రార్థనల్ని స్పానిష్‌లో, తమ పల్లెల ఆటపాటల వరసల్లో కట్టాడు. ఒకవంక చర్చి గాయకబృందం, ఒకవంక లోస్ ఫ్రోంతెరీసోస్ అనే నలుగురు జానపద గాయకులు. చరాంగో అని చిన్న తీగల వాద్యం, బోంబో అని పెద్ద డోలు. ఆ డోలు మెల్లిగా మోగుతూంటే ఎక్కడో కొండ అవతల జాతర జరుగుతున్నట్టుంటుంది.

ఈ పూజని ఆయన ఇద్దరు జర్మన్ సన్యాసినులకి అంకితమిచ్చాడు. యుద్ధకాలంలో వాళ్ల మఠం దాపుల్లోనే ఖైదీల శిబిరం ఉండేదట. రాత్రివేళ కంచె దగ్గర తిండి మూటకట్టి పెట్టి వచ్చేవారట, ప్రాణాలకు తెగించి. ఒకనాడు ఆ మూట తీసుకునే చెయ్యి లేకపోయింది. అది విన్ననాడే ఏదో రాయాలని అనుకున్నానని రమీరెస్ తరవాత చెప్పుకున్నాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం రెండోవైపు. ఫేలిక్స్ లూనా అనే చరిత్రకారుడు రాసిన క్రిస్మస్ పాటలవి. అందులో రెండోది వేసినప్పుడల్లా, ఒక్క ముక్క తెలియకపోయినా, చేతిలో పని ఆగిపోయేది. ఫోనులో అమ్మాయినడిగాను.

"జోసెఫూ మేరీ నడుస్తున్నారమ్మా. బెత్లెహేములో కాదు, ఇక్కడి మైదానాల్లో. ఆ వరస పేరుకే అడుగుజాడ అని అర్థం. మేరీకి నెలలు నిండాయి. చలి. తలదాచుకునేందుకు చోటు లేదు."

నాకు నోట మాట రాలేదు.

"ఏడుస్తున్నావా? నాకు ఇల్లుందమ్మా! హీటరు కూడా ఉంది!"

"డిసెంబరులో అక్కడ మండువేసవి కదా, చలెక్కడిది?" అన్నారు మావారు పక్కనుంచి. పాటకి కూడా పంచాంగం చూసే మనిషి!

జూలైలో మనవడు పుట్టాడు. ఇక్కడ ఉక్కపోత, అక్కడ గజగజలాడే చలి. కింద వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ పదిరోజులూ సాయంత్రం వేళకి వేడివేడి సూపు గిన్నె తెచ్చి, పిల్ల తాగేదాకా కూర్చుని వెళ్లేదట. పథ్యం సంగతి నేనడగలేదు. ఎలా అడుగుతాను?

మొన్న అటు వెళ్లేవాళ్ల చేత ఆవిడకి ఉప్పాడ చీర ఒకటి పంపాను. కట్టుకోవడం ఆవిడకేం తెలుస్తుందన్నారు మావారు. కిటికీకి తెరగా వేసుకున్నా సరేనన్నాను.