పళ్ళూ, ప్రశ్నలూ

మా మోతీనగర్‌లో ఒకరింట్లో జబ్బు చేస్తే నలుగురూ పలకరిస్తారు. పళ్ళతోబాటు ప్రశ్నలూ పట్టుకొస్తారు! పక్కవాటా అమ్మాయి ఏడేళ్ళ కొడుక్కి రక్త కేన్సరని తెలిసినప్పుడూ అంతే. "కడుపుతో ఉండగా ఏం తిన్నావమ్మా?" అని ఒకావిడ, "గ్రహణం చూశావా?" అని ఇంకొకావిడ. ఆ పిల్ల తల వంచుకుని కాఫీలు అందించేది. వాళ్ళాయన రాత్రిళ్ళు మేడమీద ఒక్కడే పచార్లు చేసేవాడు.

ఈ జబ్బు తల్లి చేసిన తప్పువల్ల రాదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకానికి వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది; చాలామందికి నయమవుతుంది కూడా. మందులకి బంజారాహిల్స్‌లో 2000లో తెరిచిన బసవతారకం ఆసుపత్రి ఉంది, రెడ్‌హిల్స్‌లో సర్కారువారి ఎం.ఎన్.జె. ఉంది. మరి అన్నాళ్ళూ ఆ తల్లిదండ్రుల గుండె నిలబెట్టేదెవరు?

మా అత్తగారు ఓ మధ్యాహ్నం వెళ్ళి, ఏమీ అడక్కుండా, వాళ్ళ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నారు. గంటకి ఆ పిల్లే నోరు విప్పింది. "నావల్లే వచ్చిందేమో పిన్నిగారూ!" అని భోరుమంది.

"కాదే తల్లీ. డాక్టరుగారినే అడుగుదాం పద" అన్నారావిడ. మర్నాడు తోడుగా వెళ్ళారు కూడా. డాక్టరుగారు ఆ మాటే చెప్పి, భార్యాభర్తలిద్దర్నీ కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టారట. కౌన్సెలర్ అనగానే పిచ్చి అనుకోకండి సుమా! దిగులు దించుకునే చోటు, అంతే.

ఈసారి పలకరింపుకి వెళ్ళేటప్పుడు పళ్ళు లోపలికి తీసుకెళ్ళి, ప్రశ్నలు గుమ్మంలో చెప్పులతోబాటు వదిలేద్దామా?