‘నాది’ అని వ్రాసే ముందు

హైదరాబాదు నుండి బీజాపూర్ వెళ్ళే రహదారిలో మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు సాగేవారికి ఇరువైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపిస్తాయి. ఆ నీడలోనే మేము సుమారు ముప్పై ఏళ్ళుగా రాకపోకలు సాగిస్తున్నాము. మద్రసాలో అరబ్బీ వ్యాకరణం, హదీసు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ దారి బస్సుల్లో కూరగాయల గంపలు, పూల మూటలు ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు ఉదయం బస్సు ఎక్కితే మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న విద్యార్థులే కనిపిస్తారు. అజీజ్‌నగర్ మొదలుకొని చేవెళ్ళ దాకా ఇంజనీరింగ్, వైద్య, మేనేజ్‌మెంట్ కళాశాలలు వెలిశాయి. మా చెల్లెలి కొడుకు కూడా వాటిలో ఒకదానిలో ఎం.టెక్. చదివాడు.

గత షాబాన్ నెలలో ఒక రాత్రి ఇషా నమాజు తరువాత చెల్లెలు, మేనల్లుడు మా ఇంటికి వచ్చారు. చెల్లెలి చేతి రుమాలులో ఒక చిన్న మూట ఉంది. విప్పి చూపింది. ఆమె పెళ్ళినాటి చెవి కమ్మలు.

“భాయీ, వీటిని ఎక్కడైనా కుదువపెట్టి పన్నెండు వేలు ఇప్పించండి. ఇంత చదివించాము, ఈ ఒక్క మెట్టు దగ్గర పిల్లవాడు ఆగిపోకూడదు” అన్నది.

విషయం అడిగితే మేనల్లుడు తన ఫోను మా చేతికిచ్చాడు. ఎవరో మధ్యవర్తి పంపిన ప్రకటన అది. ఇంజనీరింగ్, గణితం, వైద్యం, వ్యాపార నిర్వహణ, ఏ శాస్త్రమైనా సరే, మూడు రోజుల్లో అంతర్జాతీయ పత్రికలో పరిశోధనా పత్రం అచ్చవుతుందట. పత్రం వ్రాసుకోవలసిన పని కూడా లేదట. సిద్ధంగా ఉన్న దానిపై మన పేరు చేరుస్తారట. పత్రం ఉంటే ప్రాజెక్టుకు మార్కులు పెరుగుతాయి, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు పనికివస్తుంది. వాడి స్నేహితులు ఇద్దరు అప్పటికే డబ్బు కట్టేశారు.

“అందరూ ఇలాగే చేస్తున్నారు మామూ. చివరికి కావలసింది సర్టిఫికెట్టే కదా” అన్నాడు.

వాడిని మందలించడానికి మాకు నోరు రాలేదు. దానికి కారణం ఉంది. ఇంతకాలం మా ఇంట్లోవారికి కూడా చెప్పని ఆ సంగతిని ఆ రాత్రి తల్లీకొడుకులకు చెప్పాము.

ఫజీలత్ చివరి సంవత్సరంలో మేము ఒక మఖాలా వ్రాయవలసి వచ్చింది. మేము ఎంచుకున్న విషయం తూకాల్లో, కొలతల్లో న్యాయం. గడువు దగ్గరపడేసరికి ఒక పాత ఉర్దూ గ్రంథం నుండి పదకొండు పుటలు యథాతథంగా ఎత్తి వ్రాశాము. గ్రంథకర్త పేరు ఎక్కడా వ్రాయలేదు. మా ఉస్తాద్ వాటిని చదివి, ఒక వాక్యంపై వేలు పెట్టి, “ఈ మాట నీకెవరు చెప్పారు?” అని అడిగారు. మేము తల వంచుకున్నాము. ఆయన మరేమీ అనలేదు. మరునాడు హదీసు పాఠంలో మాత్రం మా చేత ఒకే హదీసు సనదును మూడుసార్లు బిగ్గరగా చదివించారు. ఫలానావారు మాకు చెప్పారు, ఆయనకు ఫలానావారు చెప్పారు అంటూ సాగే ఆ పేర్ల గొలుసును మూడవసారి చదివేటప్పుడు మా గొంతు వణికింది. తక్కువ తూచేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరాపై వ్యాసం వ్రాస్తూ మేమే తక్కువ తూచామని అప్పుడు అర్థమైంది.

“మరి పరిశోధన అంటే ఏమిటి మామూ? మాకు ఎవరూ చెప్పలేదు” అన్నాడు మేనల్లుడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కమ్మలను తిరిగి చెల్లెలి చేతిలో పెట్టి, తరువాతి కొన్ని రాత్రులు మాకు తెలిసినంత వాడికి చెప్పాము. అందులో చాలా భాగం మా ఊరి చుట్టుప్రక్కల జరిగిందే.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వెంటనే ఆనకట్ట పటం గీయడానికి కూర్చోలేదు. ముందు వర్షపు లెక్కలు తెప్పించారు. నగరానికి ఎగువన, అంటే మన ప్రాంతం కూడా ఉన్న పరీవాహకంలో, ఎన్ని చెరువులున్నాయో, వాటిలో ఎన్ని తెగాయో లెక్క తీయించారు. 788 చెరువుల్లో 221 తెగినట్లు తేలింది. అతివృష్టితో పాటు, ఒక చెరువు తెగి క్రింది చెరువు మీద పడటం వల్ల కూడా వరద అంత పెరిగిందని దాంతో అర్థమైంది. ఆ తరువాతే మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ వెళ్ళే బస్సు కిటికీలోంచి మనం రోజూ చూసే ఆ నీటి వెనుక తెగిన చెరువులను ఒక్కొక్కటిగా లెక్కించినవారి శ్రమ ఉంది. వారు ఇంట్లో కూర్చొని ఒక అంకె వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించమని మేనల్లుడితో అన్నాము.

మరునాటి రాత్రి వైద్యం గురించి మాట్లాడుకున్నాము. సికింద్రాబాదులో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్, మలేరియా దోమల ద్వారా వస్తుందేమోనని ఎంతో కాలంగా దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ వచ్చాడు. ఆ ఊహ తనది కాదు, పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడిది. చాలాకాలం ఏమీ కనిపించలేదు. చివరకు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల్లో, 1897 ఆగస్టు 20న, ఒక దోమ కడుపు గోడలో తాను వెతుకుతున్న కణాలు కనిపించాయి. కుట్టించుకున్న ఒక్కో దోమకు హుసేన్ ఖాన్‌కు ఒక అణా ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోగి పేరు ఈనాటికీ మనకు తెలుస్తున్నదంటే, ఎవరి రక్తంతో ఆ సత్యం బయటపడిందో వ్రాసి ఉంచడం వల్లనే.

ఇక మా మద్రసా చదువుకు దగ్గరైన మాట ఒకటి. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ప్రాచీన అరబ్బీ గ్రంథాలను వ్రాతప్రతులు పోల్చి ప్రచురించింది. గణిత, ఖగోళ శాస్త్రాల్లో అల్ బిరూనీ రచించిన ‘అల్ ఖానూనుల్ మస్ఊదీ’ 1954, 1956 మధ్య అక్కడ అచ్చయింది. వైద్యంలో అర్రాజీ గ్రంథం ‘అల్ హావీ’ ప్రచురణ 1955లో మొదలై ఇరవైకి పైగా సంపుటాలయింది. వెయ్యేళ్ళకు పూర్వం మరణించిన ఆ వైద్యుడు తాను చదివిన ప్రతి మాటను ఎవరిదో వారి పేరుతోనే వ్రాసుకున్నాడు. ఇది జాలీనూస్ మాట, ఇది ఫలానా వైద్యుడి మాట అంటూ సాగి, తన సొంత అభిప్రాయమో, తాను స్వయంగా చూసినదో వచ్చినప్పుడు దాని ముందు ‘లీ’ అని చిన్న మాట పెట్టాడు. అంటే ‘నాది’ అని. మేము ఆ సంపుటం తెరిచి మేనల్లుడి వేలిని ఆ మాటపై పెట్టించాము. వాడు చాలాసేపు దానివైపే చూశాడు.

ఈ పన్నెండు వేల బేరం వెనుక ఉన్న వ్యాపారం ఎంత పెద్దదో కూడా పాఠకులు తెలుసుకోవాలి. సక్రమమైన పత్రికలో మన పత్రాన్ని ఆ శాస్త్రం తెలిసిన ఇతరులు చదివి, తప్పులు చూపి, ప్రశ్నలు వేస్తారు. దానికి నెలలు పడుతుంది. నకిలీ పత్రికలు ఆ పేరు చెప్పుకొని డబ్బు మాత్రం తీసుకుంటాయి. మన హైదరాబాదులోనే మొదలైన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పత్రాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి సరిగా పరిశీలించకుండానే ప్రచురించడం, రుసుము సంగతి ముందుగా స్పష్టం చేయకపోవడం, ఒప్పుకోని పండితుల పేర్లను కూడా సదస్సుల ప్రకటనల్లో వాడుకోవడం అందులోని ఆరోపణలు. 2019లో అక్కడి న్యాయస్థానం ఆ సంస్థ ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

మన దేశంలోనూ నియమాలున్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధనా గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక పది శాతం దాటితే సరిచేసి మళ్ళీ సమర్పించాలి. నలభై దాటితే ఒక సంవత్సరం వరకు సమర్పించే వీలుండదు. అరవై దాటితే నమోదే రద్దవుతుంది. పీహెచ్.డీ. గ్రంథం సమర్పించేముందు పత్రం తప్పనిసరిగా ప్రచురించాలన్న షరతును కూడా 2022లో యూజీసీ తొలగించింది. కాబట్టి పత్రం లేకపోతే చదువే వ్యర్థమని భయపెట్టేవారి మాట నమ్మి తల్లిదండ్రులు నగలు తాకట్టు పెట్టవద్దు. ఒకే సంచికలో ఇంజనీరింగు, వైద్యం, వ్యాపారం కలగలిపి, మూడు రోజుల్లో అచ్చువేస్తామనే పత్రికను అనుమానించండి. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య ఉన్నంత మాత్రాన పత్రిక మంచిదని అర్థం కాదు. అది కేవలం గుర్తింపు సంఖ్య. సంపాదకవర్గంలో ఉన్నవారికి ఆ సంగతి తెలుసో లేదో వారి విశ్వవిద్యాలయానికే ఉత్తరం వ్రాసి కనుక్కోవచ్చు. వార్త తెచ్చినవాడిని నమ్మేముందు విచారించుకోవడం మనకు కొత్త పాఠం కాదు కదా.

మేనల్లుడు మధ్యవర్తికి వద్దని చెప్పాడు. వాడి ప్రాజెక్టు చేవెళ్ళ పరిసర గ్రామాల్లో వ్యవసాయ బావుల నీటి మట్టం. ఈద్ గడిచాక ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది వారాలు పధ్నాలుగు బావుల దగ్గరికి వెళ్ళి, తాడుకు బరువు కట్టి లోతు కొలిచాడు. కొన్ని రోజులు చెల్లెలే తాడు పట్టుకున్నది. నడుమ రెండు వారాలు వాడికి జ్వరం. పట్టికలో ఆ గడులు ఖాళీగా మిగిలాయి. ముందు వారానికీ తరువాతి వారానికీ మధ్యస్థంగా ఒక అంకె వేస్తే ఎవరికీ తెలియదని ఒకరు సలహా ఇచ్చారట. వాడు మా దగ్గరికి వచ్చి అడిగాడు. “ఆ అంకె నీకెవరు చెప్పారని బావి అడిగితే ఏమంటావు?” అన్నాము. గడులు ఖాళీగానే ఉంచి, క్రింద కారణం వ్రాశాడు.

చెరువుకు దగ్గరి బావుల్లో నీరు పైన ఉంటుందని వాడు అనుకున్నాడు. నాలుగు బావుల్లో అలా లేదు. ఎందుకో వాడికి తెలియలేదు. తెలియలేదనే వ్రాశాడు. పత్రాన్ని ఒక సక్రమమైన పత్రికకు పంపితే నెలలు గడిచాక పదకొండు ప్రశ్నలతో తిరిగివచ్చింది. ఈలోగా పరీక్ష అయిపోయింది. పత్రం కొన్న స్నేహితులకు వాడికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. దీన్ని మేము దాచము. సత్యానికి ప్రతిఫలం ఈ లోకంలోనే, వెంటనే వస్తుందని పిల్లలకు చెబితే అదీ ఒక అబద్ధమే అవుతుంది.

వాడు ఇప్పుడు ఒక చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఆదివారాల్లో ఆ పదకొండు ప్రశ్నలకు సమాధానాలు వెతుకుతూ ఆ నాలుగు బావుల దగ్గరికి వెళ్తుంటాడు. చెల్లెలి కమ్మలు ఆమె చెవులకే ఉన్నాయి.

పదకొండు అన్న అంకె వినగానే మాకు మా పాత పుటలు గుర్తుకు వచ్చాయి. పెట్టె అడుగు నుండి మా మఖాలాను తీశాము. ఉస్తాద్ ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. ఆయన ప్రశ్నకు ఇన్నేళ్ళ తరువాత సమాధానంగా, ఆ పదకొండు పుటల అంచున ఒక్కొక్కదానిపై ఆ గ్రంథకర్త పేరు వ్రాశాము. మిగిలిన పుటల్లో ‘నాది’ అని వ్రాయదగినవి ఏవని వెతికితే మూడు దొరికాయి.