రోళ్లు పగలని రోహిణి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2025లో కార్తె రాకముందే, మే 24న, నైరుతి కేరళను తాకేసింది. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. మన వైపూ మేలో వానలు వదల్లేదు. ఉక్క తగ్గిందని మొదట సంబరమే. కానీ మన వేసవి పనులన్నీ ఎండను నమ్ముకున్నవే కదా! డాబా మీద వడియాలు బూజు పట్టాయి. తడి తగిలితే ఆవకాయ నిలవుండదని అమ్మ మామిడికాయల్ని తుడిచి తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టింది.

పెరట్లో అయితే తుంగదే రాజ్యం. గరికనైనా సహించొచ్చు, దీన్ని కాదు. పైపైన పీకితే నేలలో గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది. మట్టి మెత్తగా ఉన్నప్పుడే గునపంతో తవ్వి గడ్డతో సహా తీయాలి. అలాగని బురదలో తిరిగితే నేల అణిగిపోయి వేళ్లకు గాలాడదు. అందుకే వాన వెలిశాక ఒకట్రెండు రోజులు ఆగడం మేలు. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు పారబోయడానికి మాత్రం ఆగకూడదు, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. ఎండ చాలక మల్లె మొగ్గలు తగ్గాయి. పక్కింటి పిన్నిగారు మాత్రం ఆ వేసవి ట్యాంకరు పిలవలేదని మురిసిపోయారు. ఆవిడతో వడియాల గోడు ఏం చెప్పుకుంటాం!